తోటమాలికి శిల

వెలిగండ్ల ప్రాంతమున ఒక చెట్టు పెరిగినదనగా ఎవరో దానికి నీరు మోసిరని అర్థము. వెలికొండలకు తూర్పుగా, కనిగిరి సీమలో నున్న ఈ మెట్టనేలపై వానలు తక్కువ, భూగర్భజలము లోతు, పలు గ్రామములలో ఆ నీటియందు ఫ్లోరైడు దోషమును కలదు. ఇట్టి చోట మొక్కను నాటుట ఒక పూట పని. దానిని రెండు మూడు వేసవులు దాటించుట తపస్సు. పదిమందికొఱకు అట్టి తపస్సు చేసిన సామాన్యునికి ఊరి నడుమ ఒక శిల్పమును నిలుపదలచినచో అది ఎట్లుండవలెను? ఈ ప్రశ్నకు మన చరిత్రము కొంత సమాధానము చెప్పుచున్నది.

మన పూర్వులు సామాన్యులకు శిల్పములు నిలుపకపోలేదు. ఆలమందలను, ఊరిని కాపాడుచు ప్రాణములు విడిచినవారికి వీరగల్లులు నిలిపిరి. రాయలసీమలోను, పల్నాటిలోను అట్టి రాళ్లను నేటికిని చూడవచ్చును. అయితే వానిపై మనము చూచునది కత్తి, విల్లు, గుఱ్ఱము, నీటికడవ కాదు.

అయినను చెట్టు నాటుట శిలకెక్కదగిన కార్యమని మనవారు ఏనాడో గుర్తించిరి. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దినాటి అశోకుని శాసనములు కలవు. మనుష్యులకును, పశువులకును పనికివచ్చు ఓషధులు లేనిచోటికి వానిని తెప్పించి నాటించుట, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచుట ఆతని రెండవ శిలాశాసనమున చెప్పబడినవి. చెట్టును పేర్కొన్నచోటనే బావిని కూడ పేర్కొనుట మనము గమనింపదగిన విషయము.

వెలిగండ్లకు నైరుతిగా వెలికొండలు దాటినచో పోరుమామిళ్ల చెరువు కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి పాలకుడును అయిన భాస్కరుడు దానిని కట్టించి, 1369లో శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండు సంవత్సరములు పనిచేసినట్లు అందు కలదు. రాజు పేరు నిలిచినది. కూలీలు సంఖ్యగా మిగిలిరి. అయినను ఆ శాసనమునకు ఒక విశేషము కలదు. అది కీర్తిని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. మంచి చెరువునకు కావలసిన 12 అంగములను, కూడని 6 దోషములను వివరించి, తరువాతి తరములకు పాఠమైనది.

మన కాలమున ఖమ్మము జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యగారు ‘వనజీవి’ అని ప్రసిద్ధులైరి. ఆయన విత్తనములు సేకరించి, సైకిలుపై తిరుగుచు, ఖాళీనేల కనబడినచోటనెల్ల మొక్కలు నాటిరి. వృక్షములను రక్షించినచో అవి మనలను రక్షించునను సందేశపు ఫలకమును మెడలో ధరించి సంచరించిరి. మనుష్యుడే నడచు శిలాఫలకమైనాడన్నమాట! 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 2025 ఏప్రిల్‌లో దివంగతులైరి.

ఇక మన పల్లెలలో రావికిని, వేపకును పెండ్లి చేసి, మొదట నాగశిలలు ప్రతిష్ఠించుట అందరెఱిగిన ఆచారము. ఆ చెట్లను ఎవరు నాటిరో ఆ శిలలు చెప్పవు. కాని పసుపు కుంకుమలు పడిన ఆ శిలలున్న చెట్టుపై గొడ్డలి ఎత్తుటకు ఎవరును సాహసింపరు. ఇచట శిల్పము చెట్టును కాచుచున్నది. చెట్టు శిల్పమునకు నీడనిచ్చుచున్నది.

కావున తోటమాలికి శిల్పము నిలుపదలచినవారు కూడలిని గాక, ఆతడు పెంచిన చెట్టు నీడను వెదకుట మేలు. ఆ శిలపై ఆతని పేరు ఉండవలెను. కూలీలవలె ఆతడు సంఖ్యగా మిగిలిపోరాదు. పేరు క్రింద ఆతడు పెంచిన వృక్షముల పేర్లు, వానికి నీరు పోయవలసిన మాసములు చెక్కవలెను. ప్రక్కన పశువులకొక నీటితొట్టి ఉన్న మఱియు మంచిది. శిలను ఆవిష్కరించిన నాడు వేయు పూలమాల సాయంకాలమునకే వాడును. మఱునాడు ఆ చెట్లకు కడవెడు నీరు ఎవరు మోయుదురో ముందుగానే నిర్ణయించుకొన్న ఊరు ఆ తోటమాలిని నిజముగా గౌరవించినట్లు.