స్పైవేర్ (వ్యక్తిగత కంప్యూటర్లు, హైదరాబాదు సందర్భం)

స్పైవేర్ అంటే యజమానికి తెలియకుండా కంప్యూటరులో చేరి, అక్కడ టైపు చేసే అక్షరాలనూ, దాచుకున్న ఫైళ్ళనూ, తెర మీద కనిపించేదాన్నీ బయటివారికి చేరవేసే ప్రోగ్రాము. ఇది యంత్రాన్ని పాడుచేయదు. యంత్రం చక్కగా నడుస్తూ ఉంటేనే దానికి పని జరుగుతుంది. అందుకే చాలా ఉదంతాలు నెలల తరువాత, కొన్ని ఏళ్ళ తరువాత బయటపడ్డాయి. వ్యాపార ప్రకటనల కోసం బ్రౌజరు అలవాట్లను పోగుచేసే చిల్లర రకాలు మొదలుకొని, దూరం నుంచి కంప్యూటరు మొత్తాన్ని నడపగల రిమోట్ యాక్సెస్ ట్రోజన్ల దాకా ఈ పేరు కిందికే వస్తాయి. ఈ వ్యాసం రెండో రకానికి పరిమితం. ఫోన్ల మీద ప్రయోగించే పెగాసస్ గానీ, తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు గానీ ఇందులోకి రావు.

ఉర్దూ డీటీపీ, ఇన్‌పేజ్ లోపం

పాతబస్తీలో పురానీ హవేలీ, దారుల్‌షిఫాల పక్కనున్న ఛత్తా బజార్ పెళ్ళికార్డులకూ ఉర్దూ అచ్చుపనికీ పేరుపడ్డది. కాతిబ్‌లు కలంతో రాసే నస్తలీఖ్ లిపి 1990లలో క్రమంగా కంప్యూటరు మీదికి వచ్చింది. ఆ మార్పుకు ప్రధాన సాధనం ఇన్‌పేజ్. ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ దీన్ని 1994 ప్రాంతంలో విడుదల చేసినట్టు సాధారణంగా చెబుతారు. భారత్, పాకిస్తాన్‌లలోని ఉర్దూ పత్రికలూ అచ్చు దుకాణాలూ దీని మీదే ఆధారపడ్డాయి. పాత ఇన్‌పేజ్ ఫైళ్ళు యూనికోడ్‌లో ఉండవు. అప్పటి డిజైను మళ్ళీ తెరవాలంటే తరచు ఆనాటి వెర్షనే కావాలి, ఆ వెర్షను నడవడానికి కొన్నిచోట్ల ఆనాటి విండోస్ కూడా కావాలి. అను ఫాంట్లకూ పేజ్‌మేకర్‌కూ అలవాటుపడిన తెలుగు డీటీపీ వారికి ఈ బాధ బాగా తెలుసు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసిన తరువాత కూడా అది ఇటువంటి బల్లల మీద కొనసాగడానికి ఒక కారణం ఇదే.

ఈ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని ఆసరా చేసుకున్న దాడులను సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ 2016 నవంబరులో వెల్లడించింది. లోపానికి ఇచ్చిన సంఖ్య సీవీఈ-2017-12824. ఆ సంఖ్య చూసి కొందరు దాడులు 2017లో మొదలయ్యాయని రాస్తారు. సంఖ్య కేటాయించిన ఏడాదికీ, లోపం వాడుకలోకి వచ్చిన ఏడాదికీ సంబంధం ఉండనక్కరలేదు కాబట్టి 2016నే ప్రామాణికంగా తీసుకోవడం మంచిది. అంతకుముందే మొదలై ఉండే అవకాశమూ ఉంది.

పత్రం అంటే సమాచారమే, ప్రోగ్రాము కాదు. మరి దాన్ని తెరిస్తే స్పైవేర్ ఎలా నడుస్తుంది? ఇన్‌పేజ్ తన ఫైళ్ళను మైక్రోసాఫ్ట్ కాంపౌండ్ ఫైలు పద్ధతిలో దాస్తుంది. ఫైలు తెరిచినప్పుడు అందులోని ఒక్కో గడిని చదివి, దాని విలువను బట్టి తరువాతి పని నిర్ణయించుకుంటుంది. ఒక గడిలోని విలువ సక్రమంగా ఉందో లేదో సరిచూడకుండానే ముందుకు పోవడం ఈ లోపం. అక్కడ కావాలని తప్పుడు విలువ పెడితే ప్రోగ్రాము నడక దారి తప్పి, అదే పత్రంలో దాచిన చిన్న యంత్రసంకేతం మీదికి వెళుతుంది. ఆ సంకేతం మెమొరీలో ముందుగా అనుకున్న గుర్తుల కోసం వెతికి, వాటి పక్కనున్న మిగతా భాగాన్ని విప్పుకుని, అసలు స్పైవేర్‌ను డిస్కు మీద దించుతుంది. వాడేవారికి మాత్రం మామూలు ఉర్దూ పేజీ తెరుచుకుంటుంది, లేదా ఇన్‌పేజ్ ఒకసారి ఆగిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఆగిపోవడం రోజూ ఉండేదే కనుక ఎవరూ పట్టించుకోరు.

కాస్పర్‌స్కీ పేర్కొన్న బాధితులు మయన్మార్, శ్రీలంక, ఉగాండాల్లోని ఆర్థిక, ప్రభుత్వ సంస్థలు. 2018 నవంబరులో మైక్రోసాఫ్ట్ వివరించిన మరో దాడిలో ఎక్కువ లక్ష్యాలు పాకిస్తాన్‌లో ఉన్నాయి. దాగుడు పద్ధతి చూడాలంటే ఆ రెండో దాడి మంచి ఉదాహరణ. పత్రం తెరవగానే వీఎల్‌సీ మీడియా ప్లేయరు డిస్కు మీదికి దిగింది. అది నకిలీ కాదు, అసలైనదే, కాకపోతే పాత వెర్షను. దాని పక్కనే, వీఎల్‌సీ నడవడానికి అవసరమైన లైబ్రరీ ఫైలు పేరుతో మరో ఫైలు పెట్టారు. నకిలీ అదొక్కటే. విండోస్‌లో ఒక ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీని సాధారణంగా ముందు తన ఫోల్డరులోనే వెతుక్కుంటుంది. అలా నమ్మకమైన వీఎల్‌సీ స్వయంగా స్పైవేర్‌ను తన లోపలికి పిలుచుకుంది. నడుస్తున్న ప్రోగ్రాముల పట్టికలో కనిపించేది వీఎల్‌సీ పేరే.

పెన్‌డ్రైవ్

కార్డు డిజైన్లు పెన్‌డ్రైవులోనే దుకాణం నుంచి ప్రెస్సుకు తిరుగుతాయి. పెన్‌డ్రైవు పెట్టగానే ప్రోగ్రామును నడిపే ఆటోరన్ సదుపాయాన్ని కూడా వాడుకుని 2008 చివర నుంచి కాన్‌ఫికర్ అనే వర్మ్ ప్రపంచమంతా పాకింది. విండోస్ 7 నాటికి పెన్‌డ్రైవులకు ఆటోరన్ ఆగింది, 2011లో ఎక్స్‌పీ, విస్టాలకూ ఆ సవరణ పంపారు. దుకాణాల్లో ‘షార్ట్‌కట్ వైరస్’ అని పిలిచేది ఇలా పెన్‌డ్రైవుతో పాకేవాటి తరువాతి రూపం. అసలు ఫోల్డరును కనపడకుండా చేసి, అదే పేరుతో, అదే బొమ్మతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. దాని మీద నొక్కితే ముందు అది నడిచి, ఆ వెంటనే అసలు ఫోల్డరు తెరుచుకుంటుంది. హైదరాబాదు సీ-డాక్ తయారుచేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే సాధనం పెన్‌డ్రైవులను అదుపు చేయడానికి ఉద్దేశించినది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు దీన్ని కూడా ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు.

తెలిసినవారి ఖాతా నుంచి వచ్చిన ఉత్తరం

హైదరాబాదుతో ముడిపడి, సాంకేతికంగా అత్యంత వివరంగా నమోదైన ఉదంతం భీమా కోరేగావ్ కేసులోనిది. కేసు రాజకీయ, న్యాయ వివరాలు వేరే వ్యాసంలో చూడవచ్చు. ఇక్కడ చొరబాటు తీరు మాత్రమే.

ముద్దాయిల తరఫున అమెరికాలోని డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, వారిలో ఒకరైన ఢిల్లీ వాసి రోనా విల్సన్ ల్యాప్‌టాప్ డిస్కు నకలును పరీక్షించి, 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 2016 జూన్ 13న విల్సన్‌కు హైదరాబాదు వాసి, విరసం నాయకుడు వరవరరావు మెయిలు ఖాతా నుంచి వరసగా ఉత్తరాలు వచ్చాయి. ఒక పత్రాన్ని తెరవమని ఆ ఖాతా వాడుతున్న వ్యక్తి పదేపదే కోరాడు. డ్రాప్‌బాక్స్ లింకులా కనిపించినది నిజానికి దాడిచేసినవారి సర్వరుకు దారి. వచ్చిన రార్ ఫైలు లోపలి పత్రాన్ని తెరవడంతో నెట్‌వైర్ అనే ట్రోజన్ ల్యాప్‌టాప్‌లో చేరింది. తెరిచానని విల్సన్ అదే సాయంత్రం జవాబు కూడా ఇచ్చారు. చొరబాటు 22 నెలలకు పైగా సాగిందని ఆర్సెనల్ తేల్చింది. వరవరరావు ఖాతా అప్పటికి ఇతరుల చేతిలో ఉందన్నది నివేదిక తీరును బట్టి బలంగా తోచే అర్థం.

వైర్డ్ పత్రిక 2022 జూన్‌లో రాసిన కథనం దీనికి మరో పొర చేర్చింది. విల్సన్, వరవరరావు, మరో ముద్దాయి హనీ బాబు ఖాతాలకు 2018, 2019లలో ఒక రికవరీ మెయిలు, ఫోను నంబరు జోడయ్యాయనీ, అవి పుణె పోలీసు అధికారికి సంబంధించినవనీ సైబర్ భద్రతా సంస్థ సెంటినెల్‌వన్ పరిశోధకులను ఉటంకిస్తూ ఆ పత్రిక రాసింది. ఇది న్యాయస్థానంలో తేలిన విషయం కాదు. పైగా ఆ మార్పులు జరిగినది 2016 ఉత్తరాలకు చాలా తరువాత. ఆ ఉత్తరాలు పంపినదెవరో దీన్నిబట్టి చెప్పలేం. రెంటినీ ఒకే గొలుసుగా కలిపి రాసిన కథనాలు కొంత తొందరపడ్డాయి.

పుణె ఫోరెన్సిక్ ల్యాబ్ పరీక్షలో మాల్‌వేర్ జాడ కనిపించలేదన్నది కేసు దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ వాదన. ఆర్సెనల్ మాత్రం ఏ ప్రక్రియ ఏ ఫైలును ఏ నిమిషంలో సృష్టించిందో చూపింది. వాదనలో ఎవరిది గెలుపన్నది వదిలేసినా, యంత్రంలో ఏం జరిగిందన్న ప్రశ్నకు వివరమైన సమాధానం ఉన్నది ఆ నివేదికల్లోనే.

మహేశ్ బ్యాంకు

ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో సుమారు 12.48 కోట్ల రూపాయలు దారి మళ్ళాయి. తొలి వార్తల్లో ఈ అంకె కొంత అటూ ఇటూగా ఉంది. అప్పట్లో ‘సర్వరు హ్యాక్’ అన్నారు. మార్చిలో హైదరాబాదు పోలీసులు చెప్పిన వివరణ వేరు, అదే నమ్మదగినది. 2021 నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు రెండు వందల దాకా మోసపు మెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. వారి కంప్యూటర్లలో రిమోట్ యాక్సెస్ ట్రోజన్, మీటల నొక్కుడును రాసుకునే కీలాగర్ చేరాయి. అలా దొరికిన పాస్‌వర్డులతో దుండగులు లోపలి వ్యవస్థకు చేరి, కొన్ని ఖాతాల నిల్వలు పెంచి, ఆ సొమ్మును వందకు పైగా ఖాతాలకు పంపారు. మెయిలు తెరవడానికీ సొమ్ము కదలడానికీ మధ్య రెండు నెలలకు పైగా గడిచింది. ఆ వ్యవధి అంతా కీలాగర్‌ది. బ్యాంకు భద్రతా ఏర్పాట్ల లోపాలకు రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల జరిమానా వేసింది.

దాగే తీరు

కంప్యూటరు ఆపి మళ్ళీ వేసినప్పుడు కూడా బతికి ఉండాలంటే స్పైవేర్ విండోస్ స్వయంగా మొదలుపెట్టే జాబితాల్లో ఎక్కడో ఒకచోట చేరాలి. రిజిస్ట్రీలోని రన్ కీ, స్టార్టప్ ఫోల్డరు, షెడ్యూల్డ్ టాస్కులు దీనికి మామూలు చోట్లు. తరువాతిది పేరు. విండోస్ సొంత ప్రక్రియల పేర్లకు ఒక అక్షరం తేడాతో ఉన్నవీ, ప్రసిద్ధ కంపెనీల పేర్లు పెట్టుకున్నవీ తరచు కనిపిస్తాయి. విల్సన్ యంత్రంలో రార్ ఫైళ్ళను విప్పే చిన్న సాధనానికి అడోబీ పేరు పెట్టారని ఆర్సెనల్ గమనించింది. బయటినుంచి చొప్పించారని ఆ సంస్థ చెప్పిన పత్రాలు చేరిన ఫోల్డరును కనపడని ఫోల్డరుగా గుర్తుపెట్టారు. విండోస్ మామూలు అమరికలో అటువంటిది తెర మీదికి రాదు. ఫైలు పేరు చివరి భాగాన్ని కూడా అది చూపదు కాబట్టి, పీడీఎఫ్ తరువాత ఈఎక్స్‌ఈ అని ఉన్న ఫైలు ఉత్త పీడీఎఫ్‌లా కనిపిస్తుంది. ఈ రెండు పొడిగింపుల ఎత్తును భారతీయ ఉద్యమకారుల మీద కనీసం 2012 నుంచి పనిచేస్తున్న ముఠా వాడిందని సెంటినెల్‌వన్ 2022లో రాసింది. ఆ ముఠాకు అది పెట్టిన పేరు మోడిఫైడ్ ఎలిఫెంట్.

యాంటీవైరస్ కంటపడకుండా ఉండడానికి కొన్ని ముఠాలు ఫైలును వందల మెగాబైట్లకు ఉబ్బిస్తాయి. మరీ పెద్ద ఫైళ్ళను స్కానర్లు వదిలేయడం కద్దు. ఇక దొంగ కాపీలతో వచ్చే క్రాక్‌ల సంగతి వేరు. వాటిని ఎక్కించే ముందు యాంటీవైరస్‌ను ఆపమని సూచనలోనే రాసి ఉంటుంది, వాడేవారు ఆపుతారు. ఆపరేటింగ్ సిస్టమ్ అడుగుకే దిగి, ఫైళ్ళ జాబితా అడిగితే తన పేరు తీసేసి ఇచ్చే రూట్‌కిట్‌లు ఇంకో తరగతి. 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీల్లో ఒకటి బయటపడి పెద్ద గొడవైంది.

మిగిలిపోయే జాడలు

నెట్‌వైర్ తాను రాసుకున్న మీటల చిట్టాను రోజుకో ఫైలుగా, తేదీ పేరుతో, తేలికపాటి మరుగుతో దాస్తుంది. దాన్ని విప్పగలిగితే ఏ రోజు ఏమి టైపు అయిందో యజమానికే తెలుస్తుంది. భీమా కోరేగావ్ కేసులోనే మరో ముద్దాయి స్టాన్ స్వామి కంప్యూటరులో చొరబాటు 2014 అక్టోబరులో మొదలైందనీ, 2019 జూన్ 12న పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకోవడానికి ముందురోజే జాడలు చెరిపే ప్రయత్నం జరిగిందనీ ఆర్సెనల్ 2022 డిసెంబరులో చెప్పింది. తుడిచినా పూర్తిగా పోకపోవడానికి కారణం విండోస్ స్వభావమే. నిద్రాణ స్థితికి వెళ్ళేటప్పుడు అది మెమొరీలో ఉన్నదాన్ని డిస్కు మీద ఒక ఫైలుగా పోసుకుంటుంది, ఫైళ్ళ పుట్టుపూర్వోత్తరాలను మాస్టర్ ఫైల్ టేబుల్‌లో ఉంచుకుంటుంది. విల్సన్ విషయంలో ఫైళ్ళు బయటినుంచి వచ్చాయనడానికి మరో సూచన కూడా దొరికింది. ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నది వర్డ్ 2007. అక్కడ దొరికిన కొన్ని పీడీఎఫ్‌లు తయారైనది అంతకంటే కొత్త వర్డ్‌లో.

స్పైవేర్ చేరిన యంత్రం మీదే, దాని విండోస్‌తోనే వెతకడం వల్ల ఫలితం తక్కువ. పరీక్షకులు డిస్కును వేరుచేసి, నకలు తీసి, మరో యంత్రం మీద చూస్తారు. సంస్థలైతే చొరబాటును గుర్తించిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఉత్తర్వు. డబ్బు పోయిన వ్యక్తులకు 1930 నంబరు ఉంది. నెట్‌వైర్‌ను 2012 నుంచి బహిరంగంగా అమ్మిన వెబ్‌సైటును అమెరికా అధికారులు 2023 మార్చిలో స్వాధీనం చేసుకున్నారు, అదే సమయంలో క్రొయేషియాలో దాని నిర్వాహకుడని అనుమానించిన వ్యక్తి అరెస్టయ్యాడు. అప్పటికే అమ్ముడైన కాపీలకు ఆ వెబ్‌సైటుతో పెద్దగా పని ఉండదు.