కాటుక రేకుల పొడ

ఇలా దగ్గరకు జరిగి కూర్చో నాయనా. ఆ ఫోను కాసేపు పక్కన పెడితే నీ సొమ్మేం పోదు.

మా రోజుల్లో పొద్దుగూకాక పాము పేరెత్తితే పెద్దవాళ్ళు కసిరేవాళ్ళు. "పురుగు" అనాలి. కాటేసినా "పురుగు ముట్టింది" అనేవాళ్ళే తప్ప అసలు పేరు ఎవరి నోటా వచ్చేది కాదు. పేరు వింటే వచ్చేస్తుందని భయం. దానికి బయటికి చెవులే లేవన్న సంగతి ఎవరికి పట్టింది! నాగులచవితికి మాత్రం పిల్లలకు పలుచటి మజ్జిగ, పుట్టకు చిక్కటి పాలు.

పురుగు ముట్టిందంటే మొదటి పరుగు మంత్రగాడి ఇంటికే. పావలా చేతిలో పెట్టినా ముట్టడు, ముట్టుకుంటే మంత్రం చెడిపోతుందట. బియ్యం, కొబ్బరికాయ ఇస్తే మాత్రం కాదనడు. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడిగేవాడు. వేపమండలతో విసిరేవాడు. నీరుకట్టె కరిచినవాడు తెల్లారేసరికి లేచి చద్దన్నం తినేవాడు. రక్తపింజర కరిచినవాడికి ఆయువు తీరిందనేవాడు. బతికితే మంత్రం గొప్ప, పోతే తలరాత. ఇంతకంటే నష్టం లేని వ్యాపారం నేనెక్కడా చూడలేదు.

చెప్పబోయింది ఒకటి, ఎక్కడికో పోయాను. విశాఖపట్నం దొర సంగతి కదూ! కుంపిణీ రోజుల్లో పాట్రిక్ రస్సెల్ అని స్కాట్లండు డాక్టరు ఒకాయన అక్కడ ఉండేవాడు. పాములు పట్టించి తెప్పించుకుని, వాటిచేత కోళ్ళనూ కుక్కలనూ కరిపించి, ఏది ఎంతసేపటికి పోయిందో రాసుకునేవాడు. పాపం, కుక్కల్ని ఎవరడిగారు! పాముకాటుకు అప్పట్లో తంజావూరు మాత్రలని గొప్ప పేరు. పాషాణం కలిసిన మందది. విషానికి విషమే విరుగుడని మనవాళ్ళ లెక్క. దాన్నీ ఆయన పరీక్షకు పెట్టాడు. 1796లో లండన్‌లో రంగుల బొమ్మలతో పుస్తకం వేస్తే, రక్తపింజర బొమ్మకు ఇక్కడివాళ్ళు చెప్పిన పేరే పెట్టాడు: కాటుక రేకుల పొడ. దాని ఒంటిమీది నల్లంచు మచ్చలు చూసినవాడెవడికైనా ఆ పేరు నోటికొస్తుంది. తరవాత శాస్త్రజ్ఞులు ఆ పాముకు దొర పేరు తగిలించారు. పట్టి తెచ్చినవాళ్ళ పేరు ఏ పాముకూ పెట్టలేదనుకో.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆవలించకు, నిద్ర ఎక్కడికీ పోదు.

పింజర విషం నెత్తుట్లో పడితే నెత్తురు గడ్డకడుతుంది. గడ్డకట్టే సరుకంతా అలా లోలోపలే ఖర్చయిపోయాక ఇక చిగుళ్ళలోంచి కూడా కారుతూనే ఉంటుంది. అందుకే ఆస్పత్రిలో పొడి గాజు గొట్టంలో కాస్త నెత్తురు తీసి, కదపకుండా 20 నిమిషాలుంచి వంచి చూస్తారు. జారిందా, పింజర పనే అయుంటుందని అనుమానం. 1934లో లండన్‌లో మాక్‌ఫర్లేన్ అనే డాక్టరూ, అక్కడి జంతుశాలలో పాముల్ని చూసుకునే బార్నెట్టూ కలిసి దీన్నే తిరగేశారు. పుట్టుకతోనే నెత్తురు గడ్డకట్టని జబ్బున్నవాళ్ళకు పన్ను పీకడమంటే ప్రాణగండం. ఈ విషాన్ని పదివేల వంతుకు పలచన చేసి, నెత్తురు కారేచోట అద్దితే కారడం ఆగింది! ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే. తరవాత అదే స్టిప్‌వెన్ అనే పేరుతో మందుల షాపుకెక్కింది.

ఇలాంటిదే బ్రెజిల్‌లోనూ జరిగింది. అక్కడి జరారాకా అనే పాము విషంలో రక్తపోటును దించే కిటుకు ఉందని 1965లో సెర్జియో ఫెరీరా బయటపెట్టాడు. అమెరికాలో ఓ కంపెనీవాళ్ళు ఆ కిటుకును చూసి సొంతంగా మాత్ర తయారుచేశారు. 1981లో వచ్చిన కాప్టోప్రిల్ అదే. భయపడకు, అందులో విషం చుక్క లేదు. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని చెల్లెళ్ళు. మీ నాయనమ్మ మాత్ర పేరు చివర "ప్రిల్" ఉందేమో రేపు చూడు. ఆవిడకు మాత్రం చెప్పకు, మాత్ర మానేసి పుట్టకు పాలు పోస్తానంటుంది.

మన పింజరకూ కొలువు పోలేదు. గర్భం పదేపదే పోతున్న ఆడవాళ్ళకు నెత్తురు పరీక్షల్లో డీఆర్‌వీవీటీ అని ఒకటి రాస్తారు. అందులో "ఆర్" మన విశాఖ దొరే, పక్కనున్న "వీ"లు పింజరా, దాని విషమూ. అది ఎంతసేపట్లో గడ్డకట్టిస్తుందో చూసి డాక్టరమ్మ మందు రాస్తుంది. ఫీజుకు మాత్రం కొబ్బరికాయ పుచ్చుకోదు.