బైనామా

ఉద్యోగం మారితేనో, వ్యాపారం దెబ్బతింటేనో, కొడుకులు దూరపు ఊళ్లో స్థిరపడితేనో ఉన్న ఇల్లు అమ్ముకుని ఇంకోచోట ఇల్లు కొనుక్కోవడం ఎవరికైనా మామూలు సంగతే. స్టాంపు కాగితం మీద బైనామా రాసుకోవడం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రారు ముందు సంతకం. అంతటితో సరి. ఆ మామూలు సంగతే ఒక కాలంలో మాకు గండమైంది. మేం ఇల్లు అమ్మితే పారిపోతున్నామన్నారు. అమ్మకుండా ఉంటే ఎందుకు పోలేదన్నారు. ఈ రెండు మాటల మధ్య మా తాతలు, నానీలు నలిగిపోయిన చరిత్ర మేం చదివిన బడి పుస్తకాల్లో లేదు. అందుకే మేమే రాసుకోవలసి వస్తోంది.

1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు పరుగెత్తారు. లాహోర్‌లో, రావల్పిండిలో, కరాచీలో హిందువులు, సిక్కులు వదిలేసి వచ్చిన ఇళ్లూ ఇళ్లే. వాళ్ల దుఃఖం మా దుఃఖం కన్నా తక్కువని మేం అనం. 1949 జనవరిలో కరాచీలో రెండు ప్రభుత్వాలూ కూర్చుని, పట్టణాల్లోని ఇళ్లను ఎవరివి వాళ్లు అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఒప్పందం రాసుకున్నాయి. ఆ మాట నిలబడలేదు. 1949 అక్టోబరులో మన దగ్గర ఆర్డినెన్సు వచ్చింది. 1950లో అది చట్టమైంది. 1947 మార్చి 1 తర్వాత ఆ కల్లోలాల మూలంగా దేశం వదిలినవాళ్లు ‘ఎవాక్యూ’లు. వాళ్ల ఆస్తి కస్టోడియన్‌ది. పోయినవాళ్ల ఇళ్లు వచ్చినవాళ్లకు నీడ కావాలి కదా అన్నారు. సరే, అంతవరకు న్యాయమే అనుకుందాం.

కానీ ఆ చట్టం పోయినవాళ్లతో ఆగలేదు. పోబోతున్నవాడు అని ఇంకో మనిషిని సృష్టించింది. 1947 ఆగస్టు 14 తర్వాత ఆస్తిలో కొంత పాకిస్తాన్‌కు పంపినా, అక్కడ కొనుగోలుతోనో మార్పిడితోనో ఆస్తి సంపాదించినా ఆ మనిషిని పోబోతున్నవాడిగా ప్రకటించవచ్చు. అతను ఇక్కడే ఉన్నా సరే, ఇక్కడే చస్తానన్నా సరే, కస్టోడియన్ అనుమతి లేకుండా తన ఇల్లు తాను అమ్ముకోలేడు. మనిషి చేసిన పనికి శిక్ష వేసిన చట్టాలు మనకు తెలుసు. మనసులో ఏముందో ఊహించి ఆస్తికి తాళం వేసిన చట్టం ఇది.

దీనికన్నా పెద్ద దెబ్బ 40వ సెక్షన్. 1947 ఆగస్టు 14 తర్వాత ఒకాయన ఇల్లు అమ్మాడు. కొన్నాళ్లకు ఆయన ఎవాక్యూ అయ్యాడు. అప్పుడు ఆ పాత అమ్మకం కూడా కస్టోడియన్ ఖాయం చేస్తేనే చెల్లుతుంది. దీని అర్థమేమిటో ఆలోచించండి. ముస్లిం ఇల్లు కొనేవాడికి ఎప్పుడూ ఒక భయం: రేపు ఈయన పోతే నా డబ్బు గతేమిటి? ఆ భయానికి ధర కట్టేది కొనేవాడు, ఇచ్చుకునేది అమ్మేవాడు. ఎక్కడికీ పోననే మనిషి కూడా బిడ్డ పెళ్లికో, వైద్యానికో ఇల్లు అమ్ముకోవాలంటే బేరం దొరకని పరిస్థితి. చట్టంలో ముస్లిం అన్న మాట లేదు. భయం మాత్రం మా ఇంటి గుమ్మం మీదే కూర్చుంది.

ఇదే దేశంలో ఇంకో రకమూ జరిగింది. 1950 చట్టం పశ్చిమ బెంగాల్, అస్సాం, త్రిపురలకు వర్తించలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో నెహ్రూ, లియాఖత్ అలీ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం అక్కడ ఇల్లు వదిలినవాడు డిసెంబరు 31లోగా తిరిగొస్తే ఇల్లు అతనికే ఇవ్వాలి. రాకపోయినా యాజమాన్యం అతనిదే, అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆ ఒప్పందం అక్కడెంత అమలైందన్నది వేరే సంగతి. తూర్పున రాయగలిగిన మాట మిగతా దేశంలో ఎందుకు రాయలేకపోయారు?

ఇక మా హైదరాబాదు. ఇక్కడికి విభజన ఏడాది ఆలస్యంగా వచ్చింది, పోలీసు యాక్షన్ పేరుతో. 1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల దౌర్జన్యాలను మేం దాచం. వాళ్లను ఎదిరించి రాసినందుకు ఆ ఆగస్టులోనే పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నరికి చంపారు. ఆయనా మావాడే. ఆ తర్వాత ఏం జరిగిందో చూడ్డానికి ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ ఘోరం. ఆ నివేదిక జనం చదవడానికి దొరికింది 2013లో. అరవై అయిదేళ్లు అది కూడా తాళంలోనే ఉంది.

ఆ జిల్లాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని హైదరాబాదు వచ్చినవాళ్లు ఇళ్లు అమ్ముకుని రాలేదు. తలుపులు కూడా వేయకుండా వచ్చారు. కొలువులు పోయిన నౌకర్లు, 1949లో జాగీర్లు రద్దయిన కుటుంబాలు పట్నంలో ఇళ్లు అమ్మకానికి పెట్టాయి. కొందరు బొంబాయి మీదుగా ఓడెక్కారు, కొందరు రాజస్థాన్ ఎడారి దాటి ఖోక్రాపార్ దారిన పోయారు. కరాచీలో ఈనాటికీ హైదరాబాద్ కాలనీ ఉంది. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు సర్కారు రూపాయలొచ్చే రోజులవి. ఇల్లు పోయిన చోట డబ్బు విలువ కూడా సరిహద్దు దాటగానే మారిపోయేది.

మరి ఇంట్లో ఒక్కడే పోయి అందరూ ఉండిపోతే? మా ఇళ్లల్లో ఎక్కువగా జరిగింది ఇదే. బాప్ ఆస్తిలో భాయికి రెండు వంతులు, బహెన్‌కు ఒక వంతు. భాయి పోయాడు. అతని వంతు కస్టోడియన్‌ది. ఉమ్మడి ఇంట్లో ప్రభుత్వమూ వాటాదారైంది. అలాంటి వాటాలు విడదీయడానికే 1951లో ఇంకో చట్టం తెచ్చారు. గోడ కట్టి పంచడం కుదరకపోతే ఇల్లంతా అమ్మి డబ్బు పంచవచ్చు. పోయినవాడి బైనామా చెల్లదు, ఉన్నవాళ్ల ఇల్లు మాత్రం వేలానికి పోతుంది. ‘కస్టోడియన్ కిందికి పోయింది’ అన్న మాట మా పెద్దల నోట చావు కబురు లాగే వినిపించేది.

పోబోతున్నవాడు అనే ముద్రను 1953లో తీసేశారు. 1954 మే 7 తర్వాత వెళ్లినవాళ్లకు ఎవాక్యూ చట్టం వర్తించదన్నారు. కథ అయిపోయిందనుకున్నాం. 1965 యుద్ధంతో శత్రు ఆస్తి అన్న పేరు వచ్చింది, 1968లో చట్టమైంది. 2017 సవరణతో వారసుడు భారత పౌరుడే అయినా ఆ ఆస్తి అతనికి రాదన్నారు. తాత చేసిన ప్రయాణానికి మనవడు ఇల్లు కట్టాలి. గుజరాత్‌లో 1991 చట్టం కింద కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన చోట ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. ఒత్తిడికి లొంగి తక్కువ ధరకు అమ్ముకోకుండా కాపాడడానికేనన్నారు. ఆ కాపలాలోనే మొహల్లాల మధ్య గోడలు ముదిరాయి.

ఇదంతా ఇళ్లున్నవాళ్ల కథ. మాలో ఎక్కువమందికి అమ్ముకోవడానికి ఇల్లేది? దూది ఏకినవాళ్లు, గాజులమ్మినవాళ్లు, బీడీలు చుట్టినవాళ్లు, పాలేర్లు. వాళ్లు గుడిసె ఎవరి జాగాలో వేసుకున్నారో ఆ ఊరికే తెలుసు. వాళ్లనూ అదే ప్రశ్న అడిగారు, అడుగుతున్నారు: పాకిస్తాన్ ఎందుకు పోలేదు?

పోవాలన్న ఆలోచనే రానివాళ్లను పోలేదేమని అడిగితే ఏం చెప్పాలి? ఈనాడు పట్నంలో కిరాయికి ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న ఇల్లు పేరు చెప్పగానే నిండిపోతుంది. దానికి చట్టమూ అక్కర్లేదు, సెక్షనూ అక్కర్లేదు. అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ కిరాయికుండడానికీ అందరికీ సరిపోయే ఆ ఇద్దరు సాక్షులు, ఆ ఒక్క సంతకం మాకూ సరిపోవాలని అడుగుతున్నాం. మూడో సాక్ష్యంగా మా మనసు తెరిచి చూపించమంటే, చూపించం.