కంప్యూటరు వైరస్‌ల చరిత్ర – విశాఖ నేర్పిన పాఠం

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యవర్గ మిత్రులు కోరినప్పుడు, నేను డి.ఎ. బకాయిల గురించో మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. నేను ఎంచుకొన్న విషయం వేరు. ఒక్కసారి ఆలోచించండి, మన పింఛను ఇప్పుడు ఎక్కడ ఉన్నది? పింఛను స్లిప్పు, బ్యాంకు ఖాతా, లైఫ్ సర్టిఫికెట్టు, ఇంటి పన్ను రశీదు, విదేశాలలో ఉన్న మనవల ఫోటోలు అన్నీ కంప్యూటరులోనో, చేతిలోని ఫోనులోనో ఉన్నాయి. ఇనుప బీరువాకు రెండు తాళాలు వేసే మనమే ఈ కొత్త బీరువా తలుపును బార్లా తెరిచి పెడుతున్నాము. ఆ తలుపు గుండా గత నలభై ఏళ్ళలో ఏవేవి ఎలా దూరాయో తెలిస్తే, తాళం ఎక్కడ వేయాలో మనకే తెలుస్తుంది. ఈ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం మన విశాఖపట్నంలోనే జరిగింది కూడా.

వైరస్ అంటే

వైరస్ పురుగు కాదు, దుమ్ము కాదు. అదీ ఒక ప్రోగ్రామే. అనగా కంప్యూటరుకు ఎవరో వ్రాసిపెట్టిన ఆదేశాల వరుస. మంచి ప్రోగ్రాము మన పని చేస్తుంది, ఇది దాన్ని వ్రాసినవాడి పని చేస్తుంది. ఇంకొక ఫైలుకు అంటుకొని ప్రయాణిస్తూ తన నకళ్ళు తానే తీసుకొనేదాన్ని వైరస్ అన్నారు. నెట్‌వర్కు వెంట తనంతట తానే పాకిపోయేది వార్మ్. పనికివచ్చే వస్తువు వేషంలో వచ్చేది ట్రోజన్. లోపల నక్కి కూర్చొని మనం టైపు చేసింది, దాచుకొన్నది మరెవరికో చేరవేసేది స్పైవేర్. పూర్వం రాజులు పంపిన వేగులవాడి పని దీనిది. మన ఫైళ్ళకు తన తాళం వేసి డబ్బు అడిగేది రాన్సమ్‌వేర్. పేర్లు వేరైనా వీటిలో చాలావరకు లోపలికి రావడానికి లోపలివారెవరో తలుపు తీయాలి.

ఫ్లాపీల కాలం

మా తరం గుమాస్తాలు కంప్యూటరును దగ్గరగా చూసింది 1980ల చివర, 1990లలో. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు వారు జిల్లా కేంద్రాలలో యంత్రాలు పెట్టిన రోజులవి. చల్లని గది, గాజు తలుపు, దాని మీద చెప్పులు బయట విడవాలన్న కాగితం. చెప్పులతో వెళితే వైరస్ వస్తుందని నిజంగా నమ్మినవారు ఆఫీసులలో తక్కువేమీ లేరు. చెప్పులు బయటే ఆగేవి, వైరస్ మాత్రం చొక్కా జేబులోని ఫ్లాపీలో దర్జాగా లోపలికి వెళ్ళేది.

ఐ.బి.ఎం. తరహా పర్సనల్ కంప్యూటర్లను పట్టిన తొలి వైరస్ పేరు 'బ్రెయిన్'. 1986లో లాహోరులో బాసిత్, అంజద్ ఫారూఖ్ ఆల్వీ అనే అన్నదమ్ములు దానిని వ్రాశారు. తాము తయారు చేసిన వైద్య సాఫ్ట్‌వేరును దొంగ నకళ్ళు తీస్తున్నవారిని పట్టుకోవడానికే వ్రాశామని వారు చెప్పుకొన్నారు. విచిత్రమేమంటే అందులో తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోను నంబర్లు కూడా పెట్టారు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి అంటుకొంటూ అది సముద్రాలు దాటింది. లాహోరుకు అమెరికా నుంచి సైతం ఫోన్లు వచ్చాయి.

తరువాత 'మైకెలాంజిలో' వచ్చింది. ఆ చిత్రకారుని పుట్టినరోజైన మార్చి 6న మేల్కొని హార్డ్ డిస్కును పాడుచేసే వైరస్ అది. 1992లో ఆ తేదీన లక్షల యంత్రాలు మూలపడతాయని ప్రపంచమంతా భయపడింది. జరిగిన నష్టం భయపడిన దానిలో చిన్న అంతే. కాని ఆ భయం వలన యాంటీ వైరస్ అనే సరుకు బజారులోకి గట్టిగా వచ్చింది. మన దేశంలోనూ పుణెలో క్విక్ హీల్, చెన్నైలో కె7 ఆ దశాబ్దంలో పెరిగినవే.

1999 ఏప్రిల్ 26న 'సి.ఐ.హెచ్.' అనే వైరస్ ఆసియా దేశాలలో చాలా యంత్రాలను దెబ్బ తీసింది. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హావ్ వ్రాసినది అది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీయే దాని ముహూర్తం కావడంతో చెర్నోబిల్ వైరస్ అన్న పేరూ స్థిరపడింది. చౌకగా దొరికే దొంగ సీడీలు దాని ప్రయాణానికి బాగా ఉపకరించాయి. అందరూ వై2కె అంటూ డిసెంబరు 31 కోసం ఎదురుచూస్తుండగా దెబ్బ ఏప్రిల్‌లోనే, మరొక దిక్కు నుంచి పడింది.

ప్రేమలేఖ, తరువాత చట్టం

2000 మే 4న ప్రపంచంలోని లక్షలాది మందికి తమకు తెలిసినవారి పేరు మీదుగానే 'ఐ లవ్ యు' అనే ఈమెయిలు వచ్చింది. దానికి జోడించిన ప్రేమలేఖను విప్పిన వెంటనే అది వారి చిరునామా పుస్తకంలోని అందరికీ తానే మళ్ళీ ఉత్తరాలు పంపింది, ఫైళ్ళను పాడు చేసింది. దాన్ని వ్రాసినది మనీలాలోని ఓనెల్ దె గుజ్మాన్ అనే విద్యార్థి. ఇతరుల ఇంటర్నెట్ పాస్‌వర్డులు దొంగిలించడం అతని అసలు ఉద్దేశ్యం. అనగా ఆ ప్రేమలేఖలో స్పైవేరు బీజం కూడా ఉన్నది. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో ఇటువంటి నేరానికి చట్టం లేకపోవడంతో అతనికి శిక్ష పడలేదు.

మన దేశంలో ఐ.టి. చట్టం అదే సంవత్సరం అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో వైరస్ ప్రవేశపెట్టడం 43వ సెక్షను క్రిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది. సైబర్ ప్రమాదాలపై హెచ్చరికలు ఇచ్చే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2004లో పని మొదలుపెట్టింది.

పెన్‌డ్రైవు తెచ్చిన ముప్పు

ఫ్లాపీ పోయి బొటనవేలంత పెన్‌డ్రైవు వచ్చింది. దానిని గుచ్చగానే లోపలి ప్రోగ్రామును అడగకుండానే నడిపించే ఒక సౌకర్యం అప్పటి విండోస్‌లో ఉండేది. వైరస్ వ్రాసేవారికి అది వరమైంది. 2008 నవంబరులో బయటపడిన 'కాన్‌ఫికర్' లక్షల కంప్యూటర్లకు ప్రాకడానికి ఇదొక దారి. అదే ఏడాది అమెరికా సైన్యపు రహస్య నెట్‌వర్కులోకి కూడా ఒక పెన్‌డ్రైవు ద్వారానే పురుగు చేరిందని ఆ దేశ రక్షణ శాఖ ఉపమంత్రి 2010లో స్వయంగా వెల్లడించారు. ఇరాన్ నతాంజ్ అణుకేంద్రంలోని యంత్రాలను పాడుచేసిన 'స్టక్స్‌నెట్' 2010లో బయటపడింది. ఇంటర్నెట్టుకు దూరంగా ఉంచిన చోటికి అది పెన్‌డ్రైవు ద్వారా చేరినట్లు నిపుణులు తేల్చారు.

ఇక మన ఊరి సంగతి. విశాఖపట్నం తూర్పు నౌకాదళ కమాండుకు ప్రధాన స్థానం. దేశపు తొలి అణు జలాంతర్గామి అరిహంత్ తయారైనది ఇక్కడే. 2012 జూలై 1న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఒక వార్త ప్రచురించింది. ఈ కమాండు కార్యాలయాలలోని కంప్యూటర్లలోకి ఒక వేగు ప్రోగ్రాము ప్రవేశించిందనీ, అది సేకరించిన ఫైళ్ళు చైనాలోని చిరునామాలకు చేరాయనీ ఆ వార్త సారాంశం. నౌకాదళం విచారణ జరుపుతున్నట్లు ధ్రువీకరించింది.

ఇందులో మనం గమనించవలసినది ఆ వేగు నడిచిన దారి. రహస్య పత్రాలున్న కంప్యూటర్లకు ఇంటర్నెట్టు తీగే లేదు. కావాలనే విడిగా ఉంచారు. అయినా ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి కాగితాలు మార్చడానికి పెన్‌డ్రైవులు వాడారు. ఆ వార్త ప్రకారం, పెన్‌డ్రైవులో నక్కిన ప్రోగ్రాము అందులోనే కనబడని ఒక అర తయారు చేసుకొన్నది. కొన్ని ప్రత్యేక పదాలున్న ఫైళ్ళను ఏరి అందులో దాచుకొన్నది. అదే పెన్‌డ్రైవును ఇంటర్నెట్టు ఉన్న మరొక కంప్యూటరుకు పెట్టినప్పుడు దాచినదంతా గుట్టుగా పంపివేసింది. గేటు దగ్గర తుపాకీతో కాపలా ఉన్నది, సముద్రంలో నౌకలు ఉన్నాయి, తీగ లేదు. కాని ఒక చేతి నుంచి మరొక చేతికి మారిన చిన్న వస్తువును ఎవరూ ఆపి అడగలేదు.

ఇదంతా నౌకాదళం గొడవ, మనకెందుకు అని అనకండి. పెందుర్తి కూడలిలో జిరాక్సు దుకాణానికి మనం చేసేది అదే ప్రయాణం. పి.పి.ఓ. కాపీయో, ఫారం-16నో పెన్‌డ్రైవులో తీసుకువెళ్ళి ప్రింటు తీయిస్తాము. ఆ రోజు ఆ యంత్రానికి ఎందరి పెన్‌డ్రైవులు తగిలాయో ఆ దుకాణదారుకే తెలియదు. దానిని ఇంటికి తెచ్చి, బ్యాంకు పని చేసుకొనే కంప్యూటరుకు పెడతాము.

తెలుగునాట ఇటీవలి దెబ్బలు

2017 మే 12న 'వన్నాక్రై' అనే రాన్సమ్‌వేర్ 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసి, విడిపించడానికి 300 డాలర్లు అడిగింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో విశాఖపట్నం, శ్రీకాకుళం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాలలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలోని కొన్ని యంత్రాలకు సైతం ఆ బెడద తప్పలేదు. ఆ లోపాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. ఆ మరమ్మతు వేసుకొన్న యంత్రాలకు ఈ పురుగు ఆ లోపం గుండా చేరలేకపోయింది. జి.ఓ. వచ్చినా అమలు చేయకపోతే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా?

2019 ఏప్రిల్ చివర తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దాడితో నిలిచిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్ర పోలీసు నిఘా విభాగం, కేంద్ర సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి నడిపిన గూఢచర్యం కేసులో ఏడుగురు నౌకాదళ సిబ్బంది అరెస్టయ్యారు. మన రేవు కొండ పేరు మీద ఆ దర్యాప్తుకు 'డాల్ఫిన్స్ నోస్' అని పేరు పెట్టారు. ఫేస్‌బుక్‌లో స్త్రీల పేరుతో పరిచయమైనవారు వలవేశారని ఆరోపణ. వెంటనే నౌకాదళం తన స్థావరాలలో, నౌకలలో స్మార్ట్ ఫోన్లను నిషేధించింది. ఇక్కడ వైరస్ అవసరమే రాలేదు. తీపి మాటే తలుపు తీయించింది.

నేడు మన ఇంటి గుమ్మంలో

ఇప్పుడు ఆ ప్రేమలేఖ వాట్సాప్‌లో వస్తున్నది. రవాణా శాఖ చలానా అని, బ్యాంకు కె.వై.సి. అని, లైఫ్ సర్టిఫికెట్టు ఆగిపోయిందని, పెళ్ళి శుభలేఖ అని రకరకాల పేర్లతో వస్తుంది. చివర 'ఏపీకే' అన్న మూడక్షరాలు ఉంటే అది కాగితం కాదు, ఫోనులో దిగే ప్రోగ్రాము. దించుకొని, అడిగిన అనుమతులన్నిటికీ 'సరే' అని నొక్కితే మనకు వచ్చే ఓటీపీలు వాడు చదువుతాడు. కంప్యూటరులోనైతే 'మీ యంత్రంలో వైరస్‌లు ఉన్నాయి, ఈ నంబరుకు ఫోను చేయండి' అని పెద్ద శబ్దంతో తెర నిండుతుంది. ఆ నంబరే అసలు వైరస్. దుండగులకు మన మీద గురి ఎందుకంటే, రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్ము బ్యాంకులో ఉంటుంది. పింఛను ఆగిపోతుందన్న మాట వింటే మన గుండె జల్లుమంటుంది. ముప్పై ఐదేళ్ళ కష్టం ఒక్క నొక్కుతో పోవచ్చు.

గుమాస్తా చేయగల కాపలా

ఇందుకు ఇంజనీరు చదువు అక్కరలేదు. ఆఫీసులో మనం ప్రతిరోజూ చేసిన పనులే చాలు.

మొదటిది ఇన్‌వర్డు రిజిస్టరు. ఎవరు పంపారు, ఎందుకు పంపారు అని చూడకుండా తపాలా తీసుకొనేవారమా? అలాగే అడగని లింకు, అడగని ఫైలు తెరవకూడదు. తెలిసినవారి పేరుతో వచ్చినా వారికి ఫోను చేసి అడిగాకే తెరవాలి. ఫోనులో ప్రోగ్రాములు ప్లే స్టోరు నుంచి మాత్రమే, అదీ పేరు సరిచూసుకొని దించుకోవాలి.

రెండవది పెన్‌డ్రైవు. దుకాణానికి ఒకటి విడిగా ఉంచండి, అందులో ఆ రోజు కావలసిన కాగితం తప్ప మరేదీ పెట్టవద్దు. ఇంటికి తెచ్చాక వైరస్ పరీక్ష చేసి, ఆ తరువాతే తెరవండి. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం ప్రారంభించింది, అక్కడ ఉచిత సాధనాలు ఉన్నాయి. పెన్‌డ్రైవుల కట్టడికి హైదరాబాదు సి-డాక్ వారు చేసిన 'యు.ఎస్.బి. ప్రతిరోధ్' వాటిలో ఒకటి.

మూడవది సవరణలు. కంప్యూటరు అప్‌డేటు అడిగితే వాయిదా వేయకండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రం ఉన్నవారు పిల్లలతో మాట్లాడి తగిన ఏర్పాటు చేసుకోవాలి. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండరు యాంటీ వైరస్‌ను ఆపివేయకండి.

నాలుగవది ఆఫీసు కాపీ. సర్వీసు కాగితాలు, ఫోటోలు వేరొక డిస్కులో నకలు తీసి, పని అయ్యాక తీగ పీకి బీరువాలో పెట్టండి. తాళం వేసే వైరస్ కూడా తగలని డిస్కును ఏమీ చేయలేదు.

అయిదవది, పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, బ్యాంకుకు తెలపండి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది, త్వరగా చెబితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది.

మన సంఘ సమావేశాలలో ఇకపై డి.ఎ. వార్తలతో పాటు పది నిమిషాలు ఈ విషయానికి కేటాయించాలని నా ప్రతిపాదన. తెలిసిన సభ్యులు తెలియనివారికి ఫోనులోని అనుమతులు చూపించి సరిచేస్తే చాలు. ముఖ్యంగా భర్త పోయి కుటుంబ పింఛను తీసుకొంటూ ఒంటరిగా ఉంటున్న అక్కచెల్లెళ్ళ ఇండ్లకు మనమే వెళ్ళి చెప్పి రావాలని కార్యవర్గానికి మనవి చేస్తూ సెలవు తీసుకొంటున్నాను.