కొలువు పోయిన కూషీయులు

యిర్మీయా ప్రవక్తను బురదగోతిలోనుండి పైకి తీయించినవాడెవడు? యెరూషలేము పెద్దలు కారు. రాజగృహములో కొలువు చేయుచున్న ఎబెద్మెలెకు అను కూషీయుడు. త్రాళ్లు ఒరసికొని నొప్పి కలుగకుండునట్లు, చంకలక్రింద పెట్టుకొనుటకు పాత గుడ్డపేలికలు సహితము అతడు దింపించెను. కూషు అనగా ఐగుప్తునకు దక్షిణమున నున్న నల్లవారి దేశము.

ప్రియ చదువరులారా, అట్టి నల్లవారు మన హైదరాబాదు రాజగృహమునకును వచ్చిరి. వారినే సిద్దీలని, హబ్షీలని పిలుతురు. తూర్పు ఆఫ్రికానుండి కొందరు బానిసలుగాను, కొందరు సైనికులుగాను దక్కనుకు చేరిరి. అహమ్మదునగరు రాజ్యమును నడిపి 1626లో మరణించిన మాలిక్ అంబరు బాల్యమున అమ్ముడుపోయినవాడే. నిజాముల కాలమున ఇక్కడ 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' అను గుఱ్ఱపుదళ ముండెను. మాసాబ్ ట్యాంకు దగ్గరి ఏ.సి. గార్డ్స్ పేట పేరు దానినుండి వచ్చినదే. ఆ రెండక్షరములకు అర్థమేమో రోజూ ఆ దారిన పోవువారిలో ఎందరికి తెలియునో!

1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశములో కలిసెను. పిమ్మట సంస్థాన సైన్యము రద్దయ్యెను. గుఱ్ఱము పోయెను, జీతము పోయెను. ఆ సంవత్సరము జూలైలోనే అమెరికా అధ్యక్షుడు ట్రూమను, సైన్యములో వర్ణభేదము కూడదని ఆజ్ఞ ఇచ్చియుండెను. 1941 మొదలు టస్కెగీలో తెల్లవారికి వేరుగా శిక్షణ పొంది, యుద్ధములో విమానములు నడిపిన నల్లవారి సామర్థ్యము ఆ ఆజ్ఞకు దారితీసిన కారణములలో నొకటి. అక్కడ నల్ల సైనికునికి తలుపు తెరచుకొనగా, ఇక్కడ మూతపడెను. సంస్థానపు పాలన పోవుట ప్రజలకు మేలే, సందేహము లేదు. అయితే మేలు జరిగిన దినమునకూడ కొందరి కూడు పోవునని మనము మరచుచున్నాము. దేవుడు మరువలేదు: యెరూషలేము కూలునప్పుడు ఎబెద్మెలెకునకు ప్రాణము దక్కునని ఆయన ముందే కబురంపెను.

సిద్దీలకు దక్కినది వాద్యము. దాని పేరు మార్ఫా. అరబ్బుదేశపు హద్రమౌతునుండి వచ్చి, పాతబస్తీకి దక్షిణమున బార్కాసులో స్థిరపడిన చావుషులును, ఈ సిద్దీలును దానిని ఈ నగరములో పెంచిరి. బార్కాసు అను మాటయు సైనికుల బ్యారకులనుండి పుట్టినదే. తోలువాద్యములు, వాటితో జత కలియు లోహపు బిందెలు, కొట్టుటకు కఱ్ఱలు — ఇంతే సామగ్రి. తండ్రి వాయించుచుండగా కుమారుడు విని, చేయి కలిపి నేర్చుకొనును. కొలువులో నున్నప్పుడు సిద్దీని నగరము వాని దేహబలమునుబట్టియే ఎరిగెను. వానిలోని గురువును ఎరుగదు.

నేటికిని పాతబస్తీలో పెండ్లికుమారుని ఊరేగింపు ముందర మార్ఫా మ్రోగును. ముసలివారుసైతము అరుగులు దిగివచ్చి అడుగు కలుపుదురు.