కంటికి కబురు ఛాతీ మీదుగా

నీ ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడట వెనకటికొకడు. మన కంటికి మెదడు కబురంపే తీరూ అలాంటిదే. కనుపాపను విప్పార్చమనే ఆజ్ఞ వెన్నుపాము వెంట ఛాతీ దాకా దిగి, అక్కడ బయటపడి, ఊపిరితిత్తి కొసను రాసుకుంటూ మెడలోకి ఎక్కుతుంది. దవడ వెనకున్న నాడీసంధిలో మరో కణానికి అందుతుంది. ఆ కణం తంతువు ధమనిని అల్లుకుని కంటికి చేరుతుంది. దీని పేరు సహానుభూత నాడి.

ఇది మెదడు నుంచి నేరుగా కిందికి దిగుతుందని ఒకప్పటి నమ్మకం. 1727లో ఫ్రెంచి వైద్యుడు పూర్‌ఫూర్ దు పెటి కుక్కల మెడలో దాన్ని కోసి చూపించాడు. చెడింది పైనున్న కన్ను! అంటే కబురు వెళ్లేది కింది నుంచి పైకన్నమాట. 1850ల మొదట్లో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కుందేలుకు అదే నాడి కోస్తే, ఆ వైపు చెవి వెచ్చబడింది. అంటే రక్తనాళాలూ దీని చేతిలోవే.

మరి ఒక్క నాడిలో ఇన్ని పనుల తంతువులు కలిసిపోతే ఏది ఎవరిదో తెలిసేదెలా? కేంబ్రిడ్జిలో శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ ఈ ప్రశ్నను ఏళ్ల తరబడి వదల్లేదు. 1889లో సహచరుడు డికిన్సన్‌తో కలిసి, నాడీసంధిలో కబురును అడ్డుకునే నికోటిన్‌ను దాని మీద పూశాడు. దాని కింద నాడిని ప్రేరేపిస్తే స్పందన లేదు, పైన ప్రేరేపిస్తే ఉంది. కబురు చేతులు మారేది అక్కడేనని తేలింది.

ఆ తర్వాత వెన్నుపాము నుంచి బయల్దేరే నాడుల వేళ్లను ఒక్కొక్కటే పరీక్షించాడు. ఛాతీ భాగంలో మొదటి వేరును ప్రేరేపిస్తే పిల్లి కనుపాప విప్పారింది. నాలుగోదాన్ని ప్రేరేపిస్తే చెవి రక్తనాళాలు ముడుచుకున్నాయి. 1895లో మెడలో నాడిని కోసేసి, మళ్లీ పెరిగేదాకా ఆగి చూశాడు. మొదటి వేరు మళ్లీ కంటినే కదిలించింది, నాలుగోది చెవినే. తెగిన తంతువులు గుంపులో తమ కణాలను వెతుక్కుని పట్టుకున్నాయి! వాటి మధ్య రసాయన సంబంధమేదో ఉండాలని లాంగ్లీ ఊహించాడు. కణాల మీద రసాయనాలను అందుకునే గ్రాహకాలుంటాయన్న సిద్ధాంతంతో ఆయనకు ఎక్కువ పేరొచ్చింది కానీ, నా లెక్కలో ఈ ప్రయోగం అంతకు తక్కువది కాదు.

ఈ చుట్టుదారిలో ఎక్కడ దెబ్బ తగిలినా ఆ వైపు రెప్ప వాలుతుంది, కనుపాప చిన్నదవుతుంది. 1869లో జూరిచ్ కంటి వైద్యుడు హోర్నర్ వివరించిన లక్షణాలివి. ఊపిరితిత్తి కొసన కణితి, మెడ ధమని గోడలో చీలిక కూడా కారణం కావచ్చు. హఠాత్తుగా ఇలా కనిపిస్తే, ముఖ్యంగా మెడ నొప్పి తోడైతే, అలసట అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.