మోటుపల్లి తీరము

హుజూర్‌నగరు ప్రాంతమువారము, మాకు తీరమనగా మట్టపల్లికడ కృష్ణయొడ్డే. సముద్రతీరమును నేను బాపట్ల జిల్లా మోటుపల్లిలో చూచితిని. ఇసుక, కెరటములు, కొన్ని జాలరి పడవలు. ఎంత మనోహరమో అంత నిశ్శబ్దము. ఇదియే కాకతీయుల రేవుపట్టణమనిన ఎవరు నమ్ముదురు?

వీరభద్రాలయముకడ స్తంభముమీద గణపతిదేవ చక్రవర్తి 1244 నాటి అభయశాసనమున్నది. గాలివానకు పగిలి ఒడ్డునబడిన ఓడల సరకును పూర్వరాజులు బలిమిని కైకొనుచుండిరట! మునిగినవానిని మరల ముంచుటయే కదా. ధనమునకై ప్రాణములకు తెగించి సముద్రముమీద వచ్చు వర్తకులయెడ దయదలచి, ఈయన ఆ దోపిడిని మాన్పెను. ఎగుమతి దిగుమతులపై 30 పాళ్లలో ఒకపాలు సుంకముమాత్రము నిలిపెను. ఆయన గెలిచిన యుద్ధములకంటె నాకిదియే ఘనముగా తోచినది.

ఆ శతాబ్ది చివర వెనీసు వర్తకుడు మార్కోపోలో ఈ రాజ్యమునంతటిని రేవు పేరనే ‘ముత్‌ఫిలి’ యని వ్రాసి, ఇచ్చటి సన్నని వస్త్రములను మెచ్చుకొనెను.